యుద్ధకాల నేతల మీద టీవీ డాక్యుమెంటరీ: అందులో ఎంత నిజమో మీరే తేల్చుకోవడం ఎలా?

"చర్చిల్ మీద వచ్చిన సిరీస్‌లో చెప్పిందంతా నిజమేనా?", "స్టాలిన్ డాక్యుమెంటరీ చూసి పరీక్షలో రాయొచ్చా?", "నేతాజీ గురించి ఛానల్‌లో వేసింది నమ్మొచ్చా?" అని పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మొత్తం కార్యక్రమానికి కలిపి అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పలేం. తెర మీద బొమ్మ, చెవిన పడే గొంతు, వ్యాఖ్యాత మాట ఒకచోట పుట్టినవి కావు. బొమ్మ ఒక ఏడాదిది, గొంతు ఇంకో ఏడాదిది, వ్యాఖ్యానం నిన్నమొన్న రాసింది కావచ్చు. ఎడిటింగ్ టేబుల్ మీద మూడింటినీ కలిపి కుట్టేస్తారు. మీరు చేయాల్సింది ఆ కుట్లు విప్పి, ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించడం.

కావలసినవి

- ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చూడగలిగే ఎపిసోడ్. టీవీలో ఒక్కసారి వచ్చి పోయేదాన్ని పరీక్షించలేరు.
- కంప్యూటర్. ఫోన్‌లో ఒక్కో ఫ్రేమ్ జరపడం కష్టం. యూట్యూబ్‌లో పాజ్ చేసి ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకు, కామా కీ నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి వెళ్తుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇంగ్లిష్ 'ఇ' అక్షరం కీ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది.
- హెడ్‌ఫోన్స్, ఐదు గడులు గీసిన నోట్‌బుక్.
- ఆ నేత మీద అడుగున ఆధారాలిచ్చిన జీవితచరిత్రలు రెండు. ఒకటి ఆయన్ని మెచ్చుకునేది, రెండోది విమర్శించేది. లైబ్రరీ పుస్తకాలు చాలు.
- ఒక ఆదివారం. యాభై నిమిషాల ఎపిసోడ్‌ను గంటలో తేల్చేద్దామనుకుంటే పైపైన చూసినట్టే అవుతుంది.

1. ముందు తయారైన ఏడాది చూడండి

చివర్లో పేర్లు పడేటప్పుడు, చాలాసార్లు రోమన్ అంకెల్లో, ఉంటుంది, రాసుకోండి. కొత్తగా అప్‌లోడ్ చేసిన వీడియో ముప్ఫై ఏళ్ల నాటిది కావచ్చు. ఏడాది ఎందుకంటే, ఏ కాగితాలు ఎప్పుడు బయటపడ్డాయన్న దాన్ని బట్టే ఆ చిత్రం తీసినవాళ్లకు ఏం తెలుసో ఉంటుంది.

బ్రిటన్ యుద్ధకాల క్యాబినెట్ కాగితాలు జనానికి అందుబాటులోకి వచ్చింది 1972లో. జర్మన్ రహస్య సంకేతాలను ఛేదించిన సంగతి విస్తృతంగా బయటికొచ్చింది 1974లో. కాటిన్ అడవిలో పోలిష్ అధికారుల హత్యాకాండ తమదేనని సోవియట్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1990లో. యుద్ధంలో సోవియట్ మరణాలు 70 లక్షలని 1946లో స్టాలిన్ చెప్పాడు, 2 కోట్లని అతని తర్వాత వచ్చిన సోవియట్ నేత క్రుశ్చేవ్ కాలంలో అన్నారు, చివరి సోవియట్ నేత గోర్బచేవ్ కాలానికి అది 2 కోట్ల 66 లక్షలకు చేరింది. కాబట్టి 1970ల నాటి కార్యక్రమం 2 కోట్లు అంటే అది అబద్ధం కాదు, పాత లెక్క. ఈ ఏడాది తీసిన కార్యక్రమం అదే అంకె చెబితే మాత్రం తప్పే.

దీనికి తిరగబడ్డ సందర్భం కూడా ఉంది. కొత్త సమాచారం బయటపడగానే దానితోపాటు కొత్త కట్టుకథ కూడా పుడుతుంది. 1940 నవంబర్ 14 రాత్రి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరం మీద బాంబులు పడతాయని చర్చిల్‌కు ముందే తెలుసనీ, సంకేతాల రహస్యం కాపాడటానికి ఊరిని బలిపెట్టాడనీ 1974 తర్వాత ప్రచారం మొదలైంది. ఇప్పటికీ డాక్యుమెంటరీల్లో కనిపిస్తుంది. ఆ సాయంత్రం దాడి లండన్ మీదే అనుకుని, ఊరి బయటికి బయల్దేరిన కారును వెనక్కి తిప్పించి చర్చిల్ లండన్ చేరాడని ఆయన వెంట ఉన్న కార్యదర్శుల కథనాలు చెబుతున్నాయి. కోవెంట్రీ కథ వినిపించిన కార్యక్రమంలో మిగతావి కాస్త గట్టిగా పరీక్షించండి.

2. రెండుసార్లు చూడండి, రెండోసారి రాసుకోండి

మొదటిసారి ఆపకుండా చూసి, మొత్తం మీద ఏం నమ్మించాలని చూస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి. ఉదాహరణకు, "ఈ మనిషి ఒంటిచేత్తో దేశాన్ని నిలబెట్టాడు". ఈ వాక్యం తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

రెండోసారి ఐదు గడులు నింపండి: నిమిషం-సెకను, కనిపించే బొమ్మ, వినిపించే గొంతు ఎవరిది, వ్యాఖ్యానం ఏమంది, అది ఏ రకం (తేదీ, మాట, నిర్ణయం, అంకె). వ్యాఖ్యానాన్ని మీ మాటల్లో కుదించకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. "బహుశా", "అంటారు" లాంటివి వదిలేస్తే మీరు వేరే వాక్యాన్ని పరీక్షిస్తున్నట్టే.

తెలుగు, హిందీ డబ్బింగ్ చూస్తుంటే అంకెల దగ్గర ఇంగ్లిష్ ట్రాక్ కూడా పెట్టి వినండి. ఒక మిలియన్ అంటే పది లక్షలు. డబ్బింగ్‌లో ఆ పది ఎగిరిపోయి 30 లక్షలు కాస్తా 3 లక్షలైన తప్పును మూల చిత్రం మీదకు తోయకూడదు.

3. పది విషయాలే ఎంచుకోండి

అన్నీ పరీక్షిద్దామనుకున్నవాళ్లు మధ్యలోనే వదిలేస్తారు. మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యానికి ఏవి ఆధారమో వాటిని తీసుకోండి. కనీసం రెండు కొటేషన్లు, రెండు నిర్ణయాలు, రెండు అంకెలు, రెండు దృశ్యాలు ఉండాలి. "ఇంతవరకూ ఎవరికీ తెలియని రహస్యం" అని ఎక్కడ అన్నా దాన్ని తప్పక చేర్చండి.

4. గొంతు ఎప్పటిది?

చర్చిల్ కార్యక్రమాల్లో ఎక్కువగా దొరికే తప్పు ఇక్కడే ఉంది. 1940 జూన్ 4న ఆయన బ్రిటన్ పార్లమెంట్ కామన్స్ సభలో "సముద్ర తీరాల్లో పోరాడతాం" అన్న ప్రసంగం చేశాడు. అప్పట్లో సభలో మైకుల రికార్డింగ్ లేదు. పార్లమెంట్ చర్చల రేడియో ప్రసారం క్రమం తప్పకుండా మొదలైంది 1978లో. ఆ రాత్రి బీబీసీలో ప్రసంగ భాగాలను వార్తలు చదివే వ్యక్తి చదివాడు. మనం ఇప్పుడు వింటున్న చర్చిల్ గొంతు 1949లో తన ఇల్లు చార్ట్‌వెల్‌లో ఆయన మళ్లీ చదివి రికార్డు చేసినది. అందుకని రేడియో చుట్టూ కుటుంబం కూర్చుని ఆ ప్రసంగాన్ని ఆయన గొంతులో వింటున్నట్టు చూపిస్తే అది జరగని దృశ్యం.

అలాగని చర్చిల్ ప్రసంగాలన్నిటినీ ఇదే గాటన కట్టకండి. జూన్ 18 ప్రసంగాన్ని ఆయన సభలో చేసి, ఆ సాయంత్రమే బీబీసీలో స్వయంగా చదివాడు. ఒక్కో ప్రసంగానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎక్కడ మాట్లాడాడు? అక్కడ మైకు ఉందా? వినిపిస్తున్నది ఆ రోజు రికార్డేనా?

ఇప్పుడు కృత్రిమ మేధతో గొంతు పుట్టించడం తేలికైపోయింది. డైరీలు, ఉత్తరాలు నేత గొంతులోనే వినిపిస్తే వెంటనే అనుమానించండి. ఎవరూ తన డైరీ చదువుతూ రికార్డు చేయించుకోరు. గొంతు నటుడిదో, యంత్రానిదో చివరి పేర్లలో చెప్పి ఉండాలి. చెప్పకపోతే అది రాసుకోండి.

5. బొమ్మ ఎప్పటిది?

దీనికి ఎక్కువ సమయం పెట్టండి. వ్యాఖ్యానం రాసినవాళ్లు చరిత్రకారుణ్ని అడుగుతారు. పాత ఫుటేజ్ వెతికినవాళ్లు మాత్రం చాలాసార్లు దొరికినదాన్ని అతికిస్తారు.

ముందు వస్తువులు చూడండి. వీటి తేదీలు కచ్చితం:

- టైగర్ ట్యాంకు మొదటిసారి యుద్ధంలోకి దిగింది 1942 ఆగస్టు చివర్లో, లెనిన్‌గ్రాడ్ దగ్గర. 1940 ఫ్రాన్స్ లేదా 1941 రష్యా దాడి కథలో అది కనిపిస్తే ఫుటేజ్ వేరేది.
- సోవియట్ సైనికుల భుజాల మీద పట్టీలు మళ్లీ వచ్చింది 1943 జనవరిలో. 1941 మాస్కో యుద్ధం అని చెబుతూ భుజపట్టీలు చూపిస్తే తప్పు.
- స్టాలిన్ మార్షల్ అయ్యింది 1943 మార్చిలో. అంతకుముందు కథకు మార్షల్ యూనిఫాంలో ఉన్న బొమ్మ సరిపోదు.
- చర్చిల్ వేళ్లతో 'వి' గుర్తు చూపడం 1941 వేసవి ప్రచారంతో పేరుకెక్కింది. 1940లో డన్‌కిర్క్ రేవు నుంచి బ్రిటిష్ సైన్యాన్ని తరలించిన సంగతి చెబుతూ ఆ బొమ్మ వేస్తే ఏడాది తర్వాతిది వేసినట్టే.
- అమెరికా జెండాలో అప్పుడు 48 నక్షత్రాలు, ఆరు వరుసల్లో ఎనిమిదేసి. 50 కనిపిస్తే అది యుద్ధం అయిన చాలా ఏళ్లకు తీసిన దృశ్యం.

తర్వాత వాతావరణం. 1941 నవంబర్ 7న రెడ్ స్క్వేర్ కవాతులో స్టాలిన్ మాట్లాడాడు. కవాతు అనుకున్న వేళ కన్నా ముందే మొదలవడంతో కెమెరా బృందం ప్రసంగాన్ని అందుకోలేకపోయింది. తర్వాత క్రెమ్లిన్ హాల్లో వేదిక నమూనా కట్టి మళ్లీ తీశారు. ఆ క్లిప్ దొరికితే పాజ్ చేసి నోటి దగ్గర చూడండి. బయట మంచు పడుతున్న రోజు, కానీ మాట్లాడుతున్న మనిషి నోట్లోంచి ఆవిరి రాదు. దీనికి "తప్పు" అని గుర్తు వేయకండి (గుర్తుల సంగతి పదో మెట్టులో ఉంది). ప్రసంగం నిజం, మాటలు నిజం, దృశ్యం తర్వాత తీసింది. ఆ సంగతి ప్రేక్షకుడికి చెప్పలేదు, అంతే.

మూడోది, ముక్క తిప్పడం. 1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగుబాటు వేళ హిట్లర్ చిందులేసినట్టు కనిపించే క్లిప్ ఉంది. అతను కాలు ఒక్కసారి పైకెత్తి నేలకు తాటించాడు. ఆ కొద్ది ఫ్రేములనే మిత్రదేశాల ప్రచారంలో మళ్లీ మళ్లీ అతికించి నాట్యంలా చేశారు. కనిపెట్టడానికి హిట్లర్‌ని చూడకండి, వెనక నిలబడ్డవాళ్లను చూడండి. ఒక్కో ఫ్రేమ్ జరుపుతుంటే వెనకున్న మనిషి తల, చెయ్యి సరిగ్గా అదే చోటికి గంతేసి వస్తుంటే ముక్క తిప్పారన్నమాట.

ఇంకొన్ని చిన్నవి. ఆనాటి ఫిల్ము దాదాపు చతురస్రంగా ఉండేది. ఇప్పటి వెడల్పు తెర నిండా కనిపిస్తోందంటే పైనా కిందా కత్తిరించారు, అక్కడున్నవి కూడా అందులో పోయి ఉండొచ్చు. రంగులు తర్వాత అద్దినవైతే అవి అంచనాలే, వాటిని బట్టి యూనిఫాం గుర్తించకండి. క్లిప్ మూలం కావాలంటే మనుషుల ముఖాలు స్పష్టంగా ఉన్న ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. దొరక్కపోతే పాత న్యూస్‌రీళ్ల భాండారం బ్రిటిష్ పాథే, ఇంపీరియల్ వార్ మ్యూజియం జాబితాల్లో తేదీ, చోటు పెట్టి వెతకండి. గీతలు, చుక్కలు పడుతున్నాయి కదా పాతదే అనుకోవద్దు, అవి కంప్యూటర్‌లో వేయొచ్చు.

6. ఆ మాట నిజంగా అన్నారా?

సభలో అన్న మాటైతే సభ రికార్డు చూడాలి. బ్రిటన్ పార్లమెంట్‌కు హాన్సర్డ్, మన లోక్‌సభకు పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీ, రెండూ ఇంటర్నెట్‌లో ఉచితం. 1971 యుద్ధం తర్వాత ఇందిరా గాంధీని వాజ్‌పేయి 'దుర్గ' అన్నారని మనలో చాలామంది నమ్ముతాం. తాను అలా అనలేదని తర్వాత ఒక టీవీ ఇంటర్వ్యూలో వాజ్‌పేయిగారే చెప్పారు. అన్నారని చెప్పే కార్యక్రమం ఏ తేదీ, ఏ సభ అని చూపాలి. చూపలేకపోతే "ఆధారం లేదు" అని వేయండి.

నాలుగు గోడల మధ్య అన్న మాటల సంగతి వేరు. "భారతీయులంటే నాకు అసహ్యం" అని చర్చిల్ అన్న మాట అందరికీ తెలిసిందే. అది భారత వ్యవహారాల మంత్రి లియో ఎమరీ 1942 సెప్టెంబర్‌లో తన డైరీలో రాసుకున్నది. "గాంధీ ఇంకా ఎందుకు చనిపోలేదు" అని చర్చిల్ తంతి పంపినట్టు వైస్రాయ్ వేవెల్ 1944 జూలైలో తన దినచర్యలో రాశాడు. ఇలాంటి వాటికి ప్రశ్నలు నాలుగు: ఎవరు విన్నారు? ఎప్పుడు రాశారు? రాసినవాడికి కోపతాపాలున్నాయా? రెండో సాక్షి ఉన్నాడా? వెంటనే రాసుకున్న డైరీకి, ముప్ఫై ఏళ్ల తర్వాత ఇంటర్వ్యూలో గుర్తుచేసుకున్న దానికి విలువ ఒకటి కాదు. "ఎమరీ డైరీ ప్రకారం" అన్న కార్యక్రమం సరైనది. అదే మాటను బహిరంగ సభలో అన్నట్టు చూపిస్తే తప్పు.

7. ఆ నిర్ణయం అలాగే జరిగిందా?

1940 మే 26 నుంచి 28 దాకా లండన్‌లో ఐదుగురు సభ్యుల యుద్ధ క్యాబినెట్ కూర్చుంది. ఇటలీ నేత ముస్సోలినీ ద్వారా జర్మనీతో రాజీ అవకాశం వెతుకుదామని విదేశాంగ మంత్రి హాలిఫాక్స్, వద్దని చర్చిల్. యుద్ధం తర్వాత రాసిన తన చరిత్రలో, ఒంటరిగా పోరాడాలా వద్దా అన్న ప్రశ్న క్యాబినెట్ అజెండాకే రాలేదని చర్చిల్ రాశాడు. పాత కార్యక్రమాలు చాలా ఆ మాటనే నమ్మాయి. మినిట్స్, అంటే సమావేశాల అధికారిక నోట్సు, మాత్రం వేరే కథ చెబుతాయి.

వాటిని మీరే చదవొచ్చు. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో సి, ఎ, బి అక్షరాలు, తర్వాత 65 కొట్టి వెతకండి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు: మామూలు మినిట్స్ తెరిచి, ఈ వాదన వివరంగా లేదు కాబట్టి డాక్యుమెంటరీ అబద్ధం అనేస్తారు. సున్నితమైన చర్చల్ని 'రహస్య అనుబంధం' పేరుతో వేరే ఫైల్లో పెట్టేవారు. ఆ మూడు రోజులవి 65/13లో ఉన్నాయి. 26వ తేదీకి 139, 140 నంబర్ల సమావేశాలు, 27కి 142, 28కి 145 చూడండి.

మినిట్స్ లేనిచోట రాకపోకల పట్టీలు పనికొస్తాయి. 1941 జూన్ 22న జర్మనీ దాడి చేయగానే స్టాలిన్ కుప్పకూలి రోజుల తరబడి కనిపించకుండా పోయాడన్న కథ క్రుశ్చేవ్ మాటలతో వ్యాపించింది. క్రెమ్లిన్ సందర్శకుల పుస్తకంలో జూన్ 22 తెల్లవారుజాము నుంచి 28 దాకా వచ్చిపోయినవాళ్ల పేర్లున్నాయి. 29, 30 తేదీలు ఖాళీ. అందుకే "మొదటి వారమంతా దాక్కున్నాడు" తప్పు, "నెలాఖరులో రెండు రోజులు ఆఫీసుకు రాలేదు" సరి, "జూలై 3 దాకా రేడియోలో ప్రజలతో మాట్లాడలేదు" కూడా సరి. ఈ మూడూ కలిపి ఒకే వాక్యంలో చెప్పేస్తుంటారు, విడగొట్టి మార్కులు వేయండి.

నేతాజీ మరణం లాంటి విషయంలో ఒక్క పత్రం చూపి తేల్చేసే కార్యక్రమాన్ని నమ్మకండి. 1956 షానవాజ్ కమిటీ, 1974 ఖోస్లా కమిషన్ విమాన ప్రమాదమేనన్నాయి. ముఖర్జీ కమిషన్ కాదంది, ఆ నివేదికను ప్రభుత్వం 2006లో తిరస్కరించింది. మూడింటినీ చెప్పిందా లేదా అన్నదే ఇక్కడ మీ పరీక్ష.

8. అంకెకు యజమాని ఎవరు?

1943 బెంగాల్ కరువు మృతులు 15 లక్షలని 1945 నాటి విచారణ కమిషన్ అంచనా. తర్వాతి పరిశోధకులు ఎక్కువమంది 20 నుంచి 30 లక్షల మధ్య చెబుతారు. ఒక్క అంకె చెప్పి అది ఎవరి లెక్కో చెప్పకపోతే "సగం" వేయండి.

9. ఏం చెప్పలేదో చూడండి

కాగితం మీద 1939 నుంచి 1945 దాకా గీత గీసి, ఎపిసోడ్ ఒక్కో ఏడాదికి ఎన్ని నిమిషాలు ఇచ్చిందో దాని కింద రాయండి. చర్చిల్ కార్యక్రమాల్లో 1940కి సగం సమయం పోయి, 1943 దగ్గర ఖాళీ కనిపిస్తుంది. మన బెంగాల్ కరువు ఉన్నది ఆ ఖాళీలోనే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసింది. దాన్ని చెప్పే కార్యక్రమాలు తక్కువ. చెప్పినా అంతకు ముందురోజు కొలంబో మీద దాడిచేసిన నౌకాదళానికే అంటగడతారు. మన తీరానికి వచ్చింది వేరే దళం, రియూజో నౌక విమానాలు.

కరువు విషయంలో రెండు వైపులా దాపరికం జరుగుతుంది. చర్చిల్‌ను వెనకేసుకొచ్చే కార్యక్రమం, గోధుమల రవాణాకు ఓడలివ్వమని 1944 ఏప్రిల్ 29న ఆయన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను అడిగిన తంతిని చూపిస్తుంది. రూజ్‌వెల్ట్ కుదరదన్నాడు. కానీ జనం చనిపోవడం 1943లోనే మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో భారత్ అడిగినంత ధాన్యం పంపడానికి లండన్ క్యాబినెట్ ఒప్పుకోలేదు. తప్పుపట్టే కార్యక్రమం మాత్రం తంతి ఊసే ఎత్తదు. రెండూ కావాలంటే 'ట్రాన్స్‌ఫర్ ఆఫ్ పవర్' పత్రాల నాలుగో సంపుటం తీయండి. 1943 జూన్ నుంచి 1944 ఆగస్టు దాకా ఆ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఇందులోవే.

10. మార్కులు

ఐదు గుర్తులు చాలు: సరి, సగం, వివాదం, ఆధారం లేదు, తప్పు. శాతాలు కట్టకండి. తొమ్మిది తేదీలు సరిగ్గా ఉండి, వాదన మొత్తం నిలబడ్డ పదో విషయం తప్పైతే ఆ ఎపిసోడ్ నమ్మదగ్గది కాదు. రెండో మెట్టులో రాసుకున్న ఆ ఒక్క వాక్యాన్ని ఇప్పుడు తీసి చూడండి: తప్పు తేలినవి దాన్ని మోస్తున్నాయా, పక్కన అలంకారంగా ఉన్నాయా?

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పది సైట్లలో ఒకే మాట కనిపిస్తే పది ఆధారాలు అనుకోవడం మొదటిది. అన్నీ ఒకే పుస్తకం నుంచి ఎత్తినవైతే ఆధారం ఒక్కటే. వికీపీడియా వ్యాసంలో వాక్యాన్ని కాదు, అడుగున ఇచ్చిన పుస్తకం పేజీ తెరవండి. తెర మీద మాట్లాడే నిపుణుడి పేరు కింద "చరిత్రకారుడు" అని ఉంటే సరిపోదు, ఆ కాలం మీద, ఆ దేశం మీద ఏం రాశాడో వెతకండి. నాటకంలా నటించిన సన్నివేశంలోని సంభాషణను కొటేషన్‌గా రాసుకోవడం విద్యార్థులు తరచూ చేసే తప్పు. ఇక అన్నిటికన్నా ప్రమాదం, నచ్చని నేత మీద చెప్పిన చెడును పరీక్షించకుండా వదిలేయడం. హిట్లర్ చిందుల క్లిప్ ఇన్నేళ్లు బతికింది అందుకే.

మీ ఫలితం సరైందేనా?

పదిలో మూడు విషయాలు మరొకరికివ్వండి. నిమిషం-సెకను, వ్యాఖ్యానం మాత్రమే చెప్పండి, మీరు వేసిన గుర్తు చెప్పకండి. ఇద్దరికీ తేడా వస్తే మూలపత్రం దగ్గర కలిసి కూర్చోండి. "ఇది కచ్చితంగా నిజమే" అని వదిలేసిన ఒక విషయాన్ని కూడా తీసి పరీక్షించండి. నోట్సు మీద ఎపిసోడ్ నిడివి, ఏ భాషలో చూశారో, ఏ రోజు చూశారో రాసిపెట్టండి. ఒకే చిత్రాన్ని ఛానళ్లు తమ సమయానికి కత్తిరించి వేసుకుంటాయి, మీ నిమిషాలు ఇంకొకరి కాపీలో కుదరకపోవచ్చు. అందుకే ఒక్కో విషయానికీ స్క్రీన్‌షాట్ కూడా తీసి ఉంచండి.